శనిగ్రహం దగ్గర కాపురం

ఫోనులో కథలు వినడం జనానికి అప్పుడప్పుడే అలవాటవుతున్న రోజులవి. బస్సులో పక్క సీటాయన కళ్ళు మూసుకుని పెదాలు కదుపుతుంటే జపం చేసుకుంటున్నాడో, సీరియల్ వింటున్నాడో చెవి వైపు వంగి చూస్తే గానీ తెలిసేది కాదు. నాకప్పుడు ఇరవై ఆరో ఇరవై ఏడో ఉంటాయి. ఆ వయసులో ప్రేమ గురించి మనిషికి తెలియనిదంటూ ఉండదు. (తర్వాత తర్వాత ఒక్కొక్కటీ మరిచిపోతూ వస్తాం.) పైగా నేను ఒంటరిదాన్ని. ఒంటరిగా ఉండటమంటే ఆ రోజుల్లో నాకు చిన్నపాటి హోదాలా కనిపించేది. కిటికీ పక్కన కూర్చుని, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని దూరంగా చూడటం నాకు బాగా వచ్చు. దూరంగా ఏముందని ఎవరూ అడగలేదు కాబట్టి ఆ విద్య అలాగే సాగింది.

నా ఉద్యోగం ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్ ల్యాబ్‌లో, కాంట్రాక్టు మీద. బాయిలర్లోకి వెళ్ళే నీళ్ళు శుభ్రంగా ఉన్నాయో లేదో పరీక్ష చెయ్యడం నా పని. రోజంతా నేనూ, గాజు సీసాలూ. నీళ్ళు బాగోకపోతే ఫోన్ల మీద ఫోన్లు వస్తాయి, పెద్ద పెద్దవాళ్ళంతా వచ్చి నాతో మాట్లాడతారు. బాగుంటే ఎవరూ మాట్లాడరు. నీళ్ళు ఎప్పుడూ బాగానే ఉండేవి. మధ్యాహ్నం పూట కిటికీలోంచి చూస్తే ఆ పెద్ద పెద్ద కూలింగ్ టవర్లూ, వాటి మీద తెల్లటి ఆవిరీ, బూడిద రంగు నేలా కనిపించేవి. ఇది భూమి కాదు, ఇంకెక్కడో ఉన్నాం అనిపించేది. అలా అనిపించిన ఒక మధ్యాహ్నమే నా కథ పుట్టింది.

శనిగ్రహం చుట్టూ తిరిగే ఒక చందమామ. దాని మీద చిన్న స్థావరం. అందులో చిత్ర అనే అమ్మాయి గాజు గదిలో ఆకుకూరలు పెంచుతుంది. ఇనపగోడకి అవతల భార్గవ్ అనే అబ్బాయి గాలి మిషను రిపేరు చేస్తుంటాడు. మధ్యలో ఉన్న తలుపు బిగుసుకుపోయింది. తెరిస్తే గాలంతా బయటికి పోతుంది. కాబట్టి వాళ్ళిద్దరూ హెల్మెట్లు పెట్టుకునే, గోడలో ఉన్న స్పీకర్లోంచి మాట్లాడుకుంటారు. మాట్లాడుకుంటారు, మాట్లాడుకుంటారు, భాగాల తరబడి మాట్లాడుకుంటారు. చివరి భాగంలో గాలి మిషను బాగుపడి తలుపు తెరుచుకుంటుంది. హెల్మెట్లు తీసి ఒకరినొకరు చూసుకుంటారు. అయిపోయింది. హైదరాబాదులో ఆడియో కథల కంపెనీ ఒకటి దీన్ని తీసుకుంది. గొంతులు పెట్టించి, శూన్యంలో వినపడకూడని శబ్దాలన్నీ వినిపించి వారం వారం వదిలింది. జనం విన్నారు. ఎందుకు విన్నారో నాకిప్పటికీ తెలియదు.

మా ఇంట్లో మాత్రం ఒక శ్రోత ఉండేది. మా మేనత్త. అమ్మా నాన్నా అన్నయ్య దగ్గర వైజాగ్‌లో ఉండటంతో, నేను వన్ టౌన్‌లో ఆవిడ దగ్గరుండేదాన్ని. ప్లాస్టిక్ పైపుల షాపు పైన రెండు గదులూ, ఒక వంటిల్లూ, వీధిలోకి ఒక బాల్కనీ. కింద తోపుడుబళ్ళూ, ఆటోలూ, "జరగండి జరగండి" అనే కేకలూ. అత్త ఆడపిల్లల హైస్కూల్లో కుట్టు టీచరుగా చేసి రిటైరైంది. ఎక్కడికెళ్ళినా చేతిలో దారపుండ ఉండేది కాబట్టి పిల్లలు 'దారపుండ టీచరుగారు' అనేవాళ్ళట. ఆవిడకా సంగతి తెలుసు, గర్వంగా చెప్పుకునేది. రిటైరయ్యాక ఇంట్లో మిషను పెట్టుకుని చీరలకి ఫాల్స్ కుడుతూ ఉండేది. ఆ మిషను ముందు కూర్చుని, ఒక చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని, నా సీరియల్ మొదటి భాగం విన్న రోజు ఆవిడ అన్న మొదటి మాట:

"శని దగ్గరా? పోయి పోయి అక్కడెందుకే? చక్కగా శుక్రుడి దగ్గర పెట్టొచ్చుగా, పెళ్ళి యోగం ఉండేది."

"అత్తా, ఇది సైన్సు."

"సైన్సైతే మాత్రం శని శని కాకుండా పోతాడా?"

అయినా ఒక్క వారం కూడా వదల్లేదు. "ఆ తలల మీద బోర్లించిన గిన్నెలు తీసేదెప్పుడే?" అని ప్రతి శనివారం అడిగేది. చివరికి తీసినరోజు మిషను ఆపేసి, చీర అలాగే సూది కింద వదిలేసి, బాల్కనీలోకి వెళ్ళి నిలబడింది. "బాగుందా?" అంటే "ఊ" అంది. కాసేపాగి, "తర్వాత?" అంది.

అసలు గొడవంతా ఆ 'తర్వాత' దగ్గరే వచ్చింది.

ఒక ఆదివారం పొద్దున ప్రొడ్యూసరు ఫోన్ చేశాడు. నాకంటే ఒకటి రెండేళ్ళు చిన్నవాడే, కానీ మాటంతా మార్కెట్‌లో పండిపోయిన పెద్దమనిషిలా ఉండేది. నేను బట్టలు మడత పెడుతూ స్పీకర్ పెట్టాను. అత్త పక్కన పీట మీద కూర్చుని దొండకాయలు తరుగుతోంది.

"మేడమ్, సీజన్ టూ చేద్దాం. కానీ ఒక్క కండిషన్. ఆ ప్రేమ కథ అక్కడితో క్లోజ్ చేసేద్దాం."

"క్లోజ్ అంటే?"

"హీరోని లేపేద్దాం మేడమ్. లేకపోతే మెమరీ లాస్. లేకపోతే అంగారకుడి నుంచి ఇంకో అమ్మాయిని దించుదాం. కలిసిపోయిన జంటని ఎవరూ వినరు మేడమ్. కలిసేదాకే క్యూరియాసిటీ. ఆ తర్వాత ఏముంటుంది చెప్పండి?"

నేను వెంటనే "నిజమేనండీ" అన్నాను. మొహమాటానికన్న మాట కాదది, నా సిద్ధాంతమే అది. ప్రేమంటే ఎదురుచూడటం, తలుపు తెరుచుకున్నాక ఇంక కథేముంటుంది అని నేను గట్టిగా నమ్మేదాన్ని. (దీనికి నా దగ్గర అనుభవం కూడా ఉంది. కాలేజీలో ఒకబ్బాయి మూడో బెంచీలో కూర్చునేవాడు. నేను చదువైపోయేదాకా అతని వీపుని ప్రేమించాను. అతను వెనక్కి తిరగలేదు కాబట్టి ఆ ప్రేమకి ఏ లోటూ రాలేదు.)

దొండకాయలు తరగడం ఆగిపోయింది.

"ఏం బాబూ," అంది అత్త ఫోను వైపు వంగి, "నీకు పెళ్ళైందా?"

"ఎవరండీ? లేదండీ, ఇంకా లేదు."

"అదీ సంగతి," అని అత్త మళ్ళీ కత్తిపీట దగ్గరికి జరిగింది. "నీకూ కాలేదు, దీనికీ కాలేదు. ఇద్దరూ కలిసి ఆ పిల్ల కాపురం కూల్చడానికి కూర్చున్నారు."

ఆ రోజు నుంచి అత్త నాతో మాట్లాడటం మానేసింది. అన్నం పెట్టేది, కూర వడ్డించేది, మజ్జిగ పోసేది, మాట మాత్రం లేదు. నాతో చెప్పాల్సినవన్నీ గోడకో, పాలవాడికో చెప్పేది. "బస్సు టైమైంది, కొందరికి తెలుస్తున్నట్టు లేదు" అని గోడతో అనేది. ల్యాబ్‌లో ఎలాగూ ఎవరూ మాట్లాడరు. ఇప్పుడు ఇంట్లోనూ మాటల్లేవు. సీజన్ టూ రాద్దామని కూర్చుంటే భార్గవ్‌ని ఎలా చంపాలో తోచేది కాదు. గాలి మిషను పేలినట్టు రాస్తే పక్కగదిలోంచి కుట్టు మిషను గట్టిగా తిరిగేది, వినపడుతున్నట్టే.

నాలుగైదు రోజులకి కింద పైపుల షాపు వాళ్ళకి విషయం తెలిసిపోయింది. ఆ షాపు ఓనరుగారూ, ఆయన భార్యా రోజూ మధ్యాహ్నం షాపులోనే కలిసి భోంచేసేవాళ్ళు. నేను ఆవిణ్ణి పిన్నిగారు అనేదాన్ని. ఆదివారం షాపు మూసి ఉన్నప్పుడు మేడ మెట్ల మీద పంచాయితీ పెట్టారు. అత్త పై మెట్టు మీద, పిన్నిగారు మధ్య మెట్టు మీద, ఓనరుగారు కింద పైపుల కట్ట మీద. ముద్దాయిని కాబట్టి నేను నిలబడ్డాను.

"సంగతేంటంటే," అన్నాను, "రెండో భాగంలో వాళ్ళ ప్రేమ ఉండాలా, వద్దా అని."

"విడదీసెయ్యమ్మా," అన్నారు ఓనరుగారు ఏమాత్రం ఆలోచించకుండా. "ఆ కుర్రాడైనా సుఖపడతాడు."

పిన్నిగారు ఆయన వైపు చూసింది. ఆ చూపులో వాళ్ళ పెళ్ళి వయసంతా ఉంది. "టీచరుగారండీ, మీరేమీ అనుకోనంటే ఒకటి చెప్తా. రెండో భాగం అంత బాగోదండీ. పెళ్ళైన కొత్తలో ఎగ్జిబిషన్‌కి తీసుకెళ్ళి, ఎక్కడ తప్పిపోతానోనని నా చెయ్యి పట్టుకుని నడిచారు ఈయన. పోయినేడు వెళ్తే ముందు ఆయన, వెనక నేను. తప్పిపోతే ఏం చెయ్యాలండీ అంటే, ఫోన్ చెయ్యి అన్నారు."

"చేశావుగా మరి," అన్నారు ఓనరుగారు.

"చేశా. ఎత్తలేదు."

"అప్పుడు బజ్జీలు తింటున్నానే, చేతులు ఖాళీ లేవు."

"నాకు తెచ్చారా?"

"చల్లారిపోతాయని నేనే తినేశా."

అందరం నవ్వాం. నేనైతే గెలిచినట్టే పొంగిపోయాను. నవ్వుతూ పైకి చూస్తే అత్త లేదు. ఎప్పుడు లేచి వెళ్ళిందో.

పైకి వెళ్ళాను. బాల్కనీలో కుర్చీలో కూర్చుని ఉంది. ఒళ్ళో ఎవరిదో నీలం రంగు చీర. కుట్టడం లేదు. నేను పక్కన నేలమీద కూర్చున్నాను. వీధిలో ఒక తోపుడుబండి అతను అరటిపళ్ళో అని అరుచుకుంటూ పోయాడు. అతను సందు తిరిగేదాకా ఆగి, ఆవిడ గోడతో కాకుండా నాతో మాట్లాడింది.

"వాళ్ళు నవ్వుతారే. నవ్వరా మరి? వాళ్ళకి రెండో భాగం తెలుసు. నాకు తెలీదు."

మామయ్య గురించి మా ఇంట్లో ఎవరూ మాట్లాడేవాళ్ళు కాదు. పెళ్ళైన ఏడాది తిరక్కుండానే జ్వరమొచ్చి పోయాడని మాత్రం తెలుసు. అత్త ఆ తర్వాత కుట్టు ట్రైనింగ్ చేసింది, ఉద్యోగం చేసింది, మా అందరికీ గౌన్లు కుట్టింది. మేం అదే ఆవిడ కథ అనుకున్నాం.

"ఆయనకి వంకాయ కూర ఇష్టమో కాదో నాకిప్పటికీ తెలీదే," అంది. "నేనేం వండినా బాగుంది, బాగుంది అనేవాడు. ఒకసారి ఉప్పు రెండుసార్లు వేశాను, అప్పుడూ బాగుందన్నాడు. ఆ అబద్ధం ఎన్నాళ్ళు ఆడేవాడో చూడాలని ఉండేది. ఏదో ఒకరోజు కంచం నెట్టేసి 'ఏం వంట ఇది' అనేవాడు కదా. నేనూ ఏదో అనేదాన్ని. ఆ రోజు రానేలేదు." చీర మీద చేత్తో రాసింది. "ఆ పిల్ల తలుపు తీసిందని విన్నప్పుడు, సరే, ఇప్పుడు తెలుస్తుందిలే అనుకున్నా. తర్వాత ఏమవుతుందో నువ్వు చెప్తావనుకున్నా. నువ్వేమో చంపేస్తానంటివి."

భార్గవ్‌ని చంపడం మానేశానని ఆ సాయంత్రమే ప్రొడ్యూసరుకి మెసేజ్ పెట్టాను.

ఇక రాయడం మొదలుపెట్టాక అసలు చిక్కు బయటపడింది. కాపురం గురించి రాయాలి. రాసేదానికి కాపురం తెలీదు. రాయించే ఆవిడకి ఏడాది లోపు మాత్రమే తెలుసు, అదీ బాగుంది బాగుంది అన్న భాగం. "అత్తా, ఇప్పుడు వాళ్ళు పొద్దున లేస్తారు. లేచి ఏం మాట్లాడుకుంటారు?" అంటే ఇద్దరం మొహమొహాలు చూసుకునేవాళ్ళం. చివరికి పిన్నిగారిని ఆశ్రయించాం. ఆవిడ మా సలహాదారు. స్టూలు వేసి, కాఫీ ఇచ్చి కూర్చోబెట్టేవాళ్ళం.

"తడి తువ్వాలు మంచం మీద పడేస్తాడు," అంది పిన్నిగారు మొదటి రోజే. "ఇది రాసుకో, ఇది లేకుండా కాపురం లేదు."

"చిన్న చందమామ కదా, అక్కడ బరువు దాదాపు ఉండదు పిన్నిగారూ. తువ్వాలు మంచం మీద పడదు, గాల్లో తేలుతూ ఉంటుంది."

"అయితే మరీ ఘోరం, మొహానికి తగులుతుంది," అంది.

అలా తువ్వాలు చేరింది. భార్గవ్ గురక చేరింది. (స్పీకర్లో మాట్లాడుకున్నన్నాళ్ళూ చిత్రకి ఆ సంగతి తెలీదు పాపం.) చిత్ర పెంచిన తోటకూర చప్పగా ఉందని అతను అనడం, ఆమె మాట్లాడటం మానేసి గాజుగదిలో మొక్కలతో చెప్పుకోవడం చేరాయి. ఆ చివరిది ఎక్కణ్ణుంచి వచ్చిందో అత్త కనిపెట్టింది గానీ ఏమీ అనలేదు. తోటకూర గొడవ చదివి వినిపించినరోజు ఆవిడ ఎంత సంబరపడిందో చెప్పలేను. "అలా అనేశాడా! మొహం మీదే?" అని రెండుసార్లు చదివించుకుంది.

ప్రొడ్యూసరుకి మూడు భాగాలు పంపాను. ఫోన్ చేశాడు. గొంతులో నిజమైన జాలి ఉంది.

"మేడమ్, చదివాను. బాగుంది. కానీ ఇందులో ఏమీ జరగట్లేదు కదా."

"జరగదు బాబూ," అంది అత్త వంటింట్లోంచి. "అందుకే బాగుంది."

వాళ్ళు వేరే రచయితని పెట్టుకున్నారు. ఆయన మొదటి భాగంలోనే గాలి మిషను పేల్చి భార్గవ్‌ని చంపేశాడు. చిత్ర తుపాకీ పట్టుకుని పగ తీర్చుకోవడానికి బయల్దేరింది. నేను వద్దన్నా అత్త విన్నది. మొత్తం విని, ఇయర్‌ఫోన్ తీసి జాగ్రత్తగా చుట్టి పెట్టింది.

"ఎవరిమీదే పగ?"

"ఎవరో శత్రువులు. ఆ మిషన్‌లో బాంబు పెట్టారట."

"నయమే," అంది. "పట్టుకుని అడగడానికి ఎవరో ఒకరున్నారు దానికి." కాసేపు కుట్టుకుని, "మనది చదువు," అంది.

అలా మనది మొదలైంది. ఎవరికీ పంపేది లేదు, ఎవరూ వినేది లేదు. ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక నేను రాసిన రెండు మూడు పేజీలు చదివేదాన్ని, అత్త వినేది. పిన్నిగారు వీలున్నప్పుడు వచ్చేది, భార్గవ్‌ని తిట్టేది, వెళ్ళేది. ఏళ్ళు గడిచాయి. నాకు ఉద్యోగం పర్మనెంటైంది. సంబంధాలు కొన్ని వచ్చాయి, కొన్ని కుదర్లేదు, కొన్ని నేనే కుదరనివ్వలేదు, తర్వాత రావడం మానేశాయి. అక్కడ చందమామ మీద చిత్రకి తెల్లవెంట్రుకలొచ్చాయి (అత్త పట్టుబట్టి తెప్పించింది, తనకి రంగు వెయ్యడం ఇష్టం లేదు కాబట్టి చిత్రకీ వెయ్యనివ్వలేదు). భార్గవ్‌కి మోకాళ్ళ నొప్పులు వచ్చాయి. "బరువు లేనిచోట మోకాళ్ళ నొప్పులేంటత్తా?" అంటే "వయసొస్తే ఎక్కడున్నా వస్తాయి, రాయి" అంది.

చివరి రెండేళ్ళూ అత్తకి చెవులు సరిగ్గా వినిపించేవి కాదు. చెవి మిషను పెట్టిస్తే గుయ్యిమంటోందని తీసేసేది. అయినా ఆదివారం మధ్యాహ్నం కుర్చీ తెచ్చుకుని కూర్చునేది. నేను గట్టిగా చదివేదాన్ని. కిందున్న ఆటోవాళ్ళకి కూడా వినపడి, ఒకతను "ఏమైందమ్మా ఆయన మోకాళ్ళకి?" అని అడిగాడొకసారి. అత్త మాత్రం నవ్వాల్సినచోట గంభీరంగా, గంభీరంగా ఉండాల్సినచోట నవ్వుతూ ఉండేది. తనకి వినపడటం లేదని నాకు తెలుసు. నాకు తెలుసని తనకీ తెలుసు. ఇద్దరం ఆ సంగతి ఎత్తలేదు.

ఒక ఆదివారం నా దగ్గర రాసిందేమీ లేదు. ఆ వారమంతా ఒళ్ళు బాగోలేదు, పని ఎక్కువ. వట్టి కాగితాలు చేతిలో పట్టుకుని, చూసి చదువుతున్నట్టే నా సంగతులు చెప్పడం మొదలుపెట్టాను. గొల్లపూడి దగ్గర బస్సు చెడిపోయి ఎండలో నిలబడటం, ల్యాబ్‌లో కొత్తగా చేరినమ్మాయి నన్ను 'అమ్మా' అని పిలవడం, అద్దంలో చూసుకుంటే అది సరైన పిలుపే అనిపించడం, సాయంత్రం మెట్లెక్కుతుంటే పైన మన లైటు వెలుగుతూ కనిపించి హమ్మయ్య అనుకోవడం. అత్త నా పెదాల వంకే చూస్తూ కూర్చుంది. నేను ఆపాక తలూపింది.

"ఇవాళ్టిది బాగుందే. ఆ పిల్ల బాగా అలిసిపోయినట్టుంది. కాస్త టీ పెట్టుకుని తాగమను."

టీ పెట్టుకున్నాను. ఇద్దరికీ పెట్టాను. పంచదార ఎక్కువైందని అత్త గ్లాసు పక్కకి నెట్టింది. నిన్న తక్కువైందన్నావుగా అని నేను విసుక్కున్నాను. నిన్నటి మాట నిన్నే అంది ఆవిడ. మళ్ళీ గ్లాసు లాక్కుని తాగింది.

ఆ ఏడాది చివర్లో అత్త పోయింది. ఆ గదులు ఖాళీ చేసి నేను భవానీపురంలో చిన్న ఫ్లాటుకి మారాను. ఇక్కడ వీధిలో కేకలుండవు. ఆదివారం మధ్యాహ్నాలు చాలా పొడుగ్గా ఉంటాయి. చిత్రా, భార్గవ్ ఎక్కడ ఆగారో అక్కడే ఉన్నారు, కంచాల ముందు కూర్చుని ఏదో చిన్నవిషయానికి వాదించుకుంటూ. వాళ్ళని లేపడానికి నాకు మనసొప్పలేదు.

అప్పుడప్పుడూ ఆ పాత గది గుర్తొస్తుంది. అందులో ఆ ఇరవై ఆరేళ్ళ అమ్మాయి కిటికీ పక్కన కూర్చుని, పెన్ను నోట్లో పెట్టుకుని, కోట్ల మైళ్ళ అవతల ఇద్దరు మనుషులు ఒకరికోసం ఒకరు ఎలా తపించిపోవాలా అని ఆలోచిస్తూ ఉంటుంది. వంటింట్లోంచి ఒక గొంతు, "ఏమే, చారులో ఉప్పు సరిపోయిందేమో చూసి చెప్పు" అని పిలుస్తుంది. ఈ అమ్మాయి తలెత్తదు. "అబ్బ, ఉండత్తా, ప్రేమ గురించి రాస్తున్నా" అంటుంది.

పిచ్చిమొహం. దాన్ని చూస్తే నవ్వొస్తుంది. వెళ్ళి ఆ చారు నేను రుచి చూసొస్తానని చెప్పాలనిపిస్తుంది.